కరెంటు పోయినా... గుర్తు పోదు!

చెంబుకు చిల్లు పడితే నీళ్లు కారతాయి. మరి జ్ఞాపకానికి చిల్లు పడితే? చేతిలోని సెల్‌ఫోన్ నుంచి ఓట్ల యంత్రం దాకా ప్రతి ఎలక్ట్రానిక్ వస్తువునూ వేధించే ఆ 'కారుడు'కు విరుగుడు వెతుకుతూ వెళ్తే... దారి హైదరాబాద్ తూర్పు శివార్లకు చేరుతుంది. దమ్మాయిగూడ చుట్టూ ఓ ప్రదక్షిణం చేసొద్దాం రండి!

సికింద్రాబాద్‌లో బస్సెక్కి 'ఈసీఐఎల్' అంటే చాలు. కండక్టరు మరో మాట అడగకుండా టికెట్ చేతిలో పెడతాడు. ఆ నాలుగు అక్షరాలూ ఓ కంపెనీ పేరన్న సంగతి ఈ తరం పిల్లల్లో చాలామందికి తెలియదు. వాళ్లకది ఓ కూడలి. పూల బండ్లు, టిఫిన్ సెంటర్లు, కోచింగ్ బోర్డులు, 'దమ్మాయిగూడ... నాగారం... కీసర' అంటూ కేకలేసే ఆటోలు! శివరాత్రి వచ్చిందంటే కీసరగుట్ట జాతరకు వెళ్లే జనంతో ఈ దారి కిక్కిరిసిపోతుంది.

కూడలి దాటి కాస్త ముందుకెళ్తే దమ్మాయిగూడ. ఒకప్పుడు కీసర మండలంలోని పల్లె. తర్వాత మున్సిపాలిటీ అయింది. 2025 చివర్లో చుట్టుపక్కల పట్టణాలతోపాటు మహానగరంలో కలిసిపోయింది. కొత్త అపార్ట్‌మెంట్లు, వాటి పైన నీళ్ల ట్యాంకులు, నెలవారీ వాయిదాలు కట్టుకుంటూ ఇల్లు కొనుక్కున్న మధ్యతరగతి కుటుంబాలు... బయటి నుంచి చూస్తే హైదరాబాద్ చుట్టూ ఉన్న పాతిక శివార్లలో ఇదీ ఒకటి. కానీ దీనికి ఓ పక్క ఈసీఐఎల్, మరో పక్క అణు ఇంధనాన్ని తయారుచేసే న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్, ఇంకాస్త అవతల చర్లపల్లి పారిశ్రామికవాడలో సి-మెట్ పరిశోధనశాల ఉన్నాయి. మూడూ వేర్వేరు పనుల కోసం పుట్టినవే. అయినా మూడింటినీ కలిపే కథ ఒకటుంది. అది కారిపోయే కరెంటు కథ!

మొగల్లు నుంచి మౌలాలి దాకా

కథ పశ్చిమ గోదావరి జిల్లా మొగల్లులో మొదలవుతుంది. 1914లో అక్కడ పుట్టిన అయ్యగారి సాంబశివరావు బెనారస్‌లో చదివి, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌కు వెళ్లొచ్చి, హోమీ భాభా దగ్గర చేరారు. అణుశక్తి కేంద్రానికి కావాల్సిన ఎలక్ట్రానిక్ పరికరాలను విదేశాల నుంచి తెచ్చుకోవడమేంటి, మనమే చేసుకుందామన్నది ఆయన పట్టుదల. ఆ పట్టుదలే 1967 ఏప్రిల్ 11న ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్‌గా, అంటే ఈసీఐఎల్‌గా హైదరాబాద్‌లో రూపం దాల్చింది. కూడలికి దగ్గర్లో ఉన్న ఎ.ఎస్.రావు నగర్‌కు ఆ పేరు ఆయన వల్లే వచ్చింది.

పాతతరానికి ఈసీఐఎల్ అనగానే 'ఈసీ టీవీ' గుర్తుకొస్తుంది. అంతకన్నా ముందే, 1969లో అక్కడ ఓ కంప్యూటర్ తయారైంది. పేరు టీడీసీ-12. ట్రాంబే డిజిటల్ కంప్యూటర్ అని దాని పూర్తి పేరు. 12 బిట్ల యంత్రం. డెబ్భైల్లో దాని వెనకే టీడీసీ-316 వచ్చింది. ఆ రోజుల్లో కంప్యూటర్లకు జ్ఞాపకశక్తిని ఇచ్చింది చిప్పులు కాదు, ఉంగరాలు! ఆవగింజంత ఫెర్రైటు ఉంగరాలను సన్నటి రాగి తీగలతో పూసల్లా గుచ్చి, వలలా అల్లేవాళ్లు. దాన్నే కోర్ మెమరీ అనేవాళ్లు. ఉంగరంలోని అయస్కాంతశక్తి ఒక దిశలో తిరిగి ఉంటే సున్నా, రెండో దిశలో ఉంటే ఒకటి.

దానిలో ఓ గొప్ప గుణం ఉంది. కరెంటు పోయినా అయస్కాంతం దిశ మారదు. ఈ రోజు యంత్రం ఆపేసి నెల తర్వాత మళ్లీ పెట్టినా, దాచిన అంకె దాచినట్టే ఉంటుంది. గుర్తు పెట్టుకోవడానికి ఒక్క చుక్క కరెంటు కూడా ఖర్చు కాదు. మరి అంత మంచి ఉంగరాలను ఎందుకు వదిలేశారు? ఒక్కో ఉంగరాన్నీ మనిషి చేతులతో గుచ్చాలి. వేలల్లో అయితే సరే, కోట్లలో కావాలంటే? అప్పుడొచ్చింది సిలికాన్ చిప్పు. వస్తూ వస్తూ ఓ చిల్లును కూడా వెంట తెచ్చుకుంది!

చిల్లు చెంబులో నీళ్లు

ఐబీఎంలో ఇంజినీరుగా పనిచేసిన రాబర్ట్ డెనార్డ్‌కు 1966లో ఓ ఆలోచన వచ్చింది. ఒక ట్రాన్సిస్టర్, దాని పక్కన బుల్లి కెపాసిటర్... ఈ రెండూ చాలు, ఒక బిట్‌ను దాచడానికి. కెపాసిటర్‌ను చెంబు అనుకోండి. ట్రాన్సిస్టర్ దాని మీది కుళాయి. చెంబు నిండుగా ఉంటే ఒకటి, ఖాళీగా ఉంటే సున్నా. అంతే సంగతి! ఈనాటికీ కంప్యూటర్లలో, ఫోన్లలో 'ర్యామ్' అని పిలుస్తున్నది దీన్నే. 8 జీబీ ర్యామ్ ఉన్న ఫోన్‌లో ఇలాంటి చెంబులు దాదాపు 6,900 కోట్లు ఉంటాయి.

చిక్కేమిటంటే ఆ చెంబు మరీ చిన్నది. అందులో పట్టే ఎలక్ట్రాన్లు పదుల వేలల్లోనే. పైగా కుళాయిని ఎంత బిగించినా చుక్కచుక్కగా కారుతూనే ఉంటుంది. వదిలేస్తే కాసేపట్లోనే ఒకటి కాస్తా సున్నా అయిపోతుంది. అందుకే చిప్పు ఓ కావలివాడిని పెట్టుకుంది. సాధారణంగా ప్రతి 64 మిల్లీసెకన్లలోపు, అంటే సెకనుకు పదిహేనుసార్లకు పైగా, ఆ కావలివాడు అన్ని చెంబులనూ చూసొస్తాడు. సగం కారినవాటిని మళ్లీ నింపుతాడు. మీరు ఫోన్‌ను దిండు పక్కన పెట్టి నిద్రపోయినా అతడికి మాత్రం నిద్రలేదు. ఏ పనీ చేయని ఫోన్ కూడా తెల్లారేసరికి కాస్త చార్జింగ్ కోల్పోవడానికి ఇదీ ఓ కారణమే.

దమ్మాయిగూడలో ఓ అపార్ట్‌మెంట్ పైన ట్యాంకు కారుతుంటే ఏం జరుగుతుంది? మోటారు మాటిమాటికీ వేయాలి. కరెంటు బిల్లు పెరుగుతుంది. అచ్చంగా అదే ఇక్కడా జరిగేది. ఇంకో ఇబ్బంది కూడా ఉంది... ఎండ! వేడి పది డిగ్రీలు పెరిగితే కారుడు ఇంచుమించు రెట్టింపవుతుందని ఇంజినీర్ల మోటు లెక్క. చిప్పు వేడి 85 డిగ్రీలు దాటితే కావలివాడు రెండింతలు వేగంగా తిరగాలి. రోహిణీ కార్తెలో ఎండలో పెట్టిన ఫోన్ ఊరికే వేడెక్కదు, దాచుకున్నది కాపాడుకోవడానికి అవస్థ పడుతుంటుంది కూడా.

పారేసిన లోహమే పరమౌషధం

ఇక్కడ కథ ఈసీఐఎల్ గోడ దాటి న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్‌లోకి వెళ్తుంది. 1971లో మొదలైన ఈ సంస్థ మన అణు విద్యుత్ కేంద్రాలకు ఇంధన కడ్డీలను తయారుచేస్తుంది. యురేనియం బిళ్లలను పెట్టే గొట్టాలను జిర్కోనియం మిశ్రమంతో చేస్తారు. ఆ జిర్కోనియం ఎక్కడి నుంచి వస్తుంది? కేరళలోని చవర, తమిళనాడులోని మణవాళకురిచ్చి లాంటి సముద్రతీరాల్లో దొరికే జిర్కాన్ ఇసుక నుంచి!

ఆ ఇసుకలో జిర్కోనియాన్ని అంటిపెట్టుకుని రెండు శాతం దాకా మరో లోహం ఉంటుంది. దాని పేరు హాఫ్నియం. రెండూ కవలల్లాంటివి. రసాయన గుణాల్లో తేడా పట్టుకోవడం చాలా కష్టం. అందుకే హాఫ్నియం అనేది ఒకటుందని 1923 దాకా ఎవరికీ తెలియలేదు. ఆ ఏడాది కోపెన్‌హాగెన్‌లో కోస్టర్, హెవెసీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దాన్ని కనిపెట్టి, ఆ నగరం లాటిన్ పేరే దానికి పెట్టారు. కానీ అణు రియాక్టర్లో ఈ కవలల తీరు పూర్తిగా వేరు. జిర్కోనియం న్యూట్రాన్లను దాటిపోనిస్తుంది. హాఫ్నియం వందల రెట్లు ఎక్కువగా వాటిని మింగేస్తుంది. అందుకే గొట్టాల్లోకి వెళ్లే జిర్కోనియంలో హాఫ్నియం దాదాపు లేకుండా చేయాలి. రసాయన ద్రావకాలతో ఈ ఇద్దరినీ విడదీయడం ఇక్కడి ప్రధానమైన పనుల్లో ఒకటి.

రియాక్టర్‌కు పనికిరాని ఆ హాఫ్నియమే చిప్పులకు ప్రాణం పోసిందంటే నమ్ముతారా! 2000 సంవత్సరం దాటాక ట్రాన్సిస్టర్లు ఎంత చిన్నవయ్యాయంటే, లోపలి కరెంటును ఆపాల్సిన సిలికాన్ ఆక్సైడ్ పొర మందం కేవలం 1.2 నానోమీటర్లకు, అంటే ఐదు అణువుల వరసకు దిగిపోయింది. అంత పలచటి గోడలోంచి ఎలక్ట్రాన్లు దయ్యాల్లా దూరి అవతలికి వెళ్లిపోయేవి. పనిచేస్తున్నా, చేయకున్నా చిప్పు వేడెక్కిపోయేది. ఇక ఇంతకన్నా చిన్నది చేయలేమేమోనని పరిశ్రమ బెంగపడిన రోజులవి.

2007లో ఇంటెల్ సంస్థ 45 నానోమీటర్ల చిప్పుల్లో ఆ పొరను మార్చేసింది. సిలికాన్ ఆక్సైడ్ బదులు హాఫ్నియం ఆధారిత పొరను పెట్టింది. హాఫ్నియం పొరకు ఓ సుగుణం ఉంది. మందంగా వేసినా కుళాయి మీద పట్టు సడలదు. గోడ మందమైంది, దూరిపోయే దయ్యాలకు అడ్డు పడింది. ఆ పొరలోంచి కారే కరెంటు పది రెట్లకు పైగా తగ్గిందని సంస్థ ప్రకటించింది. మరి కవల సోదరి జిర్కోనియం ఊరుకుంటుందా? ర్యామ్ చిప్పుల్లోని చెంబులకు లోపలి పూతగా జిర్కోనియం ఆక్సైడ్ వచ్చి చేరింది. మధ్యలో సన్నటి అల్యూమినియం ఆక్సైడ్ పొర పెట్టి, దానికి రెండు వైపులా జిర్కోనియం ఆక్సైడ్‌ను అద్దుతారు. చెంబు చిన్నదైనా ఎక్కువ పడుతుంది, తక్కువ కారుతుంది.

ఇక్కడ వేరుచేసిన హాఫ్నియమే ఆ చిప్పుల్లోకి వెళ్లిందని కాదు. సి-మెట్ తయారుచేసిన హాఫ్నియం మన రాకెట్ల కోసం, విపరీతమైన వేడిని తట్టుకునే మిశ్రమ లోహాల కోసం. కానీ ప్రపంచాన్ని కుదిపిన ఓ సమస్యకు మందుగా మారిన రెండు లోహాలూ దమ్మాయిగూడ పొరుగునే రోజూ విడిపోతున్నాయన్న సంగతి ఇక్కడి బడిపిల్లలకు పాఠంగా చెప్పదగ్గదే.

చర్లపల్లిలో 'స్పాంజి'

ఇంకాస్త ముందుకెళ్తే చర్లపల్లి పారిశ్రామికవాడ. కేంద్ర ప్రభుత్వం 1990లో ఏర్పాటుచేసిన సి-మెట్‌కు పుణె, త్రిస్సూర్, హైదరాబాద్‌లలో మూడు పరిశోధనశాలలున్నాయి. ఎలక్ట్రానిక్స్‌కు కావాల్సిన అతి స్వచ్ఛమైన పదార్థాలను తయారుచేయడం హైదరాబాద్ శాఖ ప్రత్యేకత. అందులో ఒకటి టాంటలం పొడి.

పాత రేడియో విప్పినా, కొత్త ల్యాప్‌టాప్ విప్పినా పసుపుపచ్చగానో నల్లగానో చిన్న దిమ్మల్లాంటివి కనిపిస్తాయి. వాటిలో కొన్ని టాంటలం కెపాసిటర్లు. సన్నటి టాంటలం పొడిని అచ్చుపోసి, శూన్యంలో కాలుస్తారు. అది ఇడ్లీలా లోపలంతా గుల్లగా తయారవుతుంది. ఆ గుల్లల గోడలన్నింటి మీదా కంటికి కనిపించనంత పలచటి ఆక్సైడ్ పొరను పెంచుతారు. గోరంత దిమ్మలో పెద్ద చాపంత వైశాల్యం! అందుకే అంత చార్జిని పట్టి ఉంచుతుంది.

అయితే ఆ పొడిలో వేరే లోహపు నలుసు ఒక్కటున్నా, అక్కడ ఆక్సైడ్ పొర సరిగ్గా పెరగదు. ఆ నలుసే చిల్లు అవుతుంది. కారడం అక్కడే మొదలవుతుంది. బియ్యంలో రాయి ఏరినట్టు ఆ మలినాలను ఏరేయడంలోనే పనితనమంతా ఉంది. భూమికి వేల కిలోమీటర్ల దూరంలో తిరిగే ఉపగ్రహంలో కెపాసిటర్ కారితే వెళ్లి మార్చేవాళ్లెవరు? కాబట్టి శుద్ధి అంతా ముందే, కింద ఉన్నప్పుడే జరిగిపోవాలి.

కుళాయిని మూడు వైపులా నొక్కితే...

పదార్థం మార్చడం ఒక దారి. ఆకారం మార్చడం రెండోది. ట్రాన్సిస్టర్‌ను చదునుగా కాకుండా చేప రెక్కలా నిలబెట్టి, మూడు వైపుల నుంచీ బిగించే పద్ధతి 2011 తర్వాత మార్కెట్లోకి వచ్చింది. రబ్బరు గొట్టాన్ని పైనుంచి ఒక వేలితో నొక్కడానికీ, గుప్పిట్లో పట్టి పిసకడానికీ ఉన్న తేడానే ఇదీ. ఇక మూడో దారి మన అమ్మానాన్నలు రోజూ చెప్పేదే... పనిలేని గదిలో లైటు ఆర్పేయడం! చిప్పులో వాడని భాగానికి కరెంటు పూర్తిగా కట్ చేస్తారు. చల్లగా ఉన్నప్పుడు కావలివాడి తిరుగుడు తగ్గిస్తారు. ఖాళీ చెంబులున్న వైపు అసలు వెళ్లొద్దంటారు.

ఈ బుల్లి ట్రాన్సిస్టర్ల రంగంలో పేరున్న తెలుగు శాస్త్రవేత్త ప్రొఫెసర్ వి.రాంగోపాల్‌రావు. అప్పటి పాలమూరు జిల్లాలోని కొల్లాపూర్ నుంచి బయల్దేరి, వరంగల్‌లో ఇంజినీరింగ్ చదివి, ఐఐటీ బొంబాయిలో నానో ఎలక్ట్రానిక్స్ పరిశోధనకు సారథ్యం వహించారు. 2005లో భట్నాగర్ పురస్కారం అందుకున్నారు. తర్వాత ఐఐటీ దిల్లీ డైరెక్టర్‌గానూ పనిచేశారు. మెమరీ చిప్పులకు ప్రపంచంలో పేరున్న మైక్రాన్ సంస్థ కూడా 2019లో హైదరాబాద్‌లో అడుగుపెట్టింది. అయితే అది నగరానికి పడమటి కొసన. ఈసీఐఎల్ ఇంజినీరు ఇంట్లో పుట్టిన అమ్మాయి ఉప్పల్‌లో మెట్రో ఎక్కి చిప్పుల డిజైన్ ఉద్యోగానికి పడమటికి వెళ్లడం ఇప్పుడు వింతేమీ కాదు.

పదేళ్లయినా చెదరని ఓటు

ఇంతకీ ఈ కారుడు వల్ల సామాన్యుడికి పోయేదేమిటి? ఓ పూట చార్జింగేనా? కాదు. దానికి జవాబు మళ్లీ ఈసీఐఎల్ గేటు దగ్గరే ఉంది. దేశంలో ఓటింగ్ యంత్రాలను తయారుచేసే ప్రభుత్వరంగ సంస్థలు రెండే. ఒకటి బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్, రెండోది ఈసీఐఎల్. 1979లో ఓటింగ్ యంత్రం తొలి నమూనాను తయారుచేసింది ఇక్కడే. 1982లో కేరళలోని పరవూరులో వీటిని మొదటిసారి వాడారు.

ఓటింగ్ యంత్రానికి గోడలోని ప్లగ్గుతో పనిలేదు. బ్యాటరీతో నడుస్తుంది. కరెంటే లేని తండాలోనైనా పోలింగ్ జరిపించొచ్చు. పోలింగ్ ముగిశాక బ్యాటరీ ఆపేసి, సీలు వేసి భద్రపరుస్తారు. ఆ తర్వాత ఎన్నిక మీద కోర్టుకు వెళ్లడానికి 45 రోజుల గడువుంటుంది. కేసు పడితే ఏళ్లు పట్టొచ్చు. అంతకాలం ఏ కరెంటూ లేకుండా ఆ అంకెలు అలాగే ఉండాలి. ర్యామ్‌లో రాస్తే క్షణంలో ఆవిరైపోతాయి. అందుకే ఎలక్ట్రాన్లను నాలుగు వైపులా ఆక్సైడ్ గోడలున్న గదిలో పెట్టి తాళం వేసే పద్ధతి వాడతారు. ఈ కిటుకును అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డావన్ కాంగ్, సైమన్ జీ కనిపెట్టింది 1967లో... ఈసీఐఎల్ పుట్టిన ఏడాదే! మన పెన్‌డ్రైవ్‌లు, ఫోన్‌లోని ఫొటోలు దాచే చిప్పులు అన్నీ దాని సంతానమే. కంట్రోల్ యూనిట్‌లో ఫలితం పదేళ్లు, అంతకన్నా ఎక్కువ కాలమే నిలిచి ఉంటుందని ఎన్నికల సంఘం చెప్పింది.

2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్‌లో పసుపు బోర్డు కోసం రైతులు పెద్దసంఖ్యలో నామినేషన్లు వేశారు. బరిలో మిగిలింది 185 మంది. ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లను వరసగా పేర్చి పోలింగ్ జరిపించారు. ఓ రైతు నొక్కిన బటన్, ఓ అవ్వ నొక్కిన బటన్... ఒక్కోటీ కొన్ని ఎలక్ట్రాన్లే. అవి కారిపోకుండా ఉండటం మీద ఎంత నమ్మకం ఆధారపడి ఉందో ఆలోచించండి!

మళ్లీ ఉంగరం దగ్గరికి...

సైన్సుకు ఓ అలవాటుంది. ముందుకు పోతూ పోతూ ఒక్కోసారి వెనక్కి తిరిగి చూస్తుంది. కారిపోవడం అసలే లేని మెమరీ కోసం ఇప్పుడు శాస్త్రవేత్తలు మళ్లీ అయస్కాంతం తలుపే తట్టారు. 'ఎంర్యామ్' అనే కొత్తరకం చిప్పుల్లో ప్రతి బిట్టూ ఓ అతిచిన్న అయస్కాంతం. అంటే టీడీసీల కాలం నాటి ఉంగరాలకు మనవళ్లన్నమాట! ఇంకోవైపు 2011లో జర్మనీ పరిశోధకులు హాఫ్నియం ఆక్సైడ్‌ను కాస్త మార్చి, కరెంటు లేకుండానే గుర్తుంచుకునేలా చేయొచ్చని ప్రకటించారు. ఒకప్పుడు గోడగా నిలిచిన లోహం ఇప్పుడు తానే జ్ఞాపకంగా మారే ప్రయత్నంలో ఉంది.

దమ్మాయిగూడ వాసులకు మరో వాస్తవమూ తెలుసు. గాలి ఇటు తిరిగితే పక్కనే ఉన్న జవహర్‌నగర్ డంపింగ్ యార్డు వాసన ఇళ్లలోకి వస్తుంది. నగరం వాడి పారేసినదంతా చేరేది అక్కడికే. ఆ చెత్తతో కరెంటు తీసే ప్లాంటు 2020 నుంచి నడుస్తోంది. కానీ పాత ఫోన్లు, పాడైన ల్యాప్‌టాప్‌లు ఆ గుట్టల్లోకి పోవాల్సినవి కావు. వాటిలో బంగారముంది, టాంటలముంది. అలాంటి బోర్డుల నుంచి లోహాలను తిరిగి రాబట్టే పద్ధతుల మీద చర్లపల్లిలోని సి-మెట్ పనిచేస్తోంది. మొదట శుద్ధి చేసిన వాడలోనే మళ్లీ శుద్ధి!

సాయంత్రం పూట ఎ.ఎస్.రావు నగర్‌లోని పార్కుల్లో ఈసీఐఎల్, ఎన్‌ఎఫ్‌సీల్లో రిటైరైన పెద్దలు బెంచీల మీద కూర్చుని కబుర్లాడుకుంటూ కనిపిస్తారు. తొలి కంప్యూటర్, తొలి టీవీ, తొలి ఓటింగ్ యంత్రం... వాళ్లు చెప్పుకుంటే కథలే కథలు. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో అలాంటి తాతయ్య ఉంటే ఓ ఆదివారం పిల్లల్ని ఆయన దగ్గర కూర్చోబెట్టండి. చిప్పులో దాచినవి పదేళ్లు ఉంటాయి. మనిషి మనసులో ఉన్నవి మాత్రం ఎవరో ఒకరు అడిగి, విని, మళ్లీ నింపుకుంటేనే నిలుస్తాయి.